గుంటలోంచి ఊ

నా నోరు ఒక్క నిమిషం ఊరుకోదు. బస్సెక్కితే పక్క సీటావిడతో, కూరల బండి దగ్గర బండివాడితో, ఎవరూ దొరక్కపోతే పొయ్యి మీది పాలతో మాట్లాడతాను. "నీ నోటికి దేవుడు తలుపు పెట్టాడు గానీ గడియ పెట్టడం మర్చిపోయాడు" అంటాడు మా ఆయన. నిజమే, కాదనను. కానీ నేను చెబుతుంటే వినేవాళ్ళు మధ్యమధ్యలో "ఊ" అనాలి. అనకపోతే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. భుజం పట్టుకుని కుదిపేస్తాను. అదేం రోగమో ఆయనకి ఇన్నేళ్ళలో చెప్పలేదు. పన్నెండో ఏట, ఒక్క ఎండాకాలంలో పట్టుకున్న రోగం అది.

మేముండేది కొండ పక్కన, అభ్రకం గుంటల దగ్గర. వానలు వెళ్ళి నేల గట్టిపడ్డాక గుంటలు తెరిచేవాళ్ళు, మళ్ళీ వానలు మొదలవగానే మూసేవాళ్ళు. గుంటంటే బావిలా విశాలంగా ఉండదు. మూడు నిలువుల లోతు, ఒక పిల్ల పట్టేంత వెడల్పు. అడుగున అటొకటి ఇటొకటి రెండు సొరంగాలు, బోర్లా పడుకుని పాకితే తప్ప పోలేనివి. అభ్రకం రేకులు ఆ సొరంగాల గోడల్లో ఉంటాయి. పెద్దవాళ్ళు దిగాలంటే గుంటని వెడల్పు చెయ్యాలి, చుట్టూ కర్రలు పాతి మట్టి జారకుండా కట్టాలి. అంత శ్రమ ఎందుకని పిల్లల్ని దింపేవాళ్ళు.

ఎవరు దిగొచ్చో తేల్చడానికి మేస్త్రీ దగ్గర ఒక ఇనప కట్టు ఉండేది, ఏదో పాత పీపాది. గుంటలు తెరిచే రోజు పిల్లలందరం వరసగా నిలబడితే, ఆ కట్టుని తల మీద నుంచి వేసి కాళ్ళ దాకా దింపేవాడు. భుజాల దగ్గర ఆగకుండా దిగితే గుంటలో పని. ఆగితే, "ఎదిగావు, పక్కకి రా" అనేవాడు. ఎక్కడైనా పిల్లలు ఎదిగితే ఇంట్లో సంతోషిస్తారు. మా ఇళ్ళల్లో ఆ మాటకి ఏడ్చేవాళ్ళు.

ఎందుకంటే గుంటలోకి ఒక పిల్లనో పిల్లాణ్ణో పంపిన ఇంటికే పైన ఏరుడు పని దొరికేది. కుప్ప ముందు కూర్చుని రాయినీ రేకునీ వేరు చెయ్యడం, రేకుని చాకుతో పొరలు పొరలుగా విడదియ్యడం. అమ్మకి తెలిసిన పని అదొక్కటే. నాన్న అంతకు ముందు ఏడాదే దగ్గి దగ్గి పోయాడు. ఇంట్లో మిగిలింది అమ్మ, నేను, నా చెల్లెలు. నన్ను వాగుడుకాయ అనీ, దాన్ని బుడంకాయ అనీ పిలిచేది అమ్మ. "నాకు దేవుడిచ్చిన కాపు ఈ రెండు కాయలే" అని అందరితో చెప్పుకునేది.

ఆ ఏడు నాకు ముందే అనుమానంగా ఉంది. నాలుగు రోజుల ముందు నుంచి అరకడుపే తిన్నాను. ఎముకలకి ఆ సంగతి తెలీదు కదా. కట్టు భుజాల దగ్గర ఆగిపోయింది.

"ఇంకోసారి వెయ్యండి మేస్త్రీ గారూ," అన్నాను. చేతులు పైకెత్తి, ఊపిరి వదిలేసి, భుజాలు రెండూ చెవులకి ఆనించాను. కట్టుని నేనే కిందికి లాక్కున్నాను. ఎడమ భుజం మీద చర్మం లేచిపోయింది. కట్టు మాత్రం దిగలేదు.

"బలవంతం చెయ్యకే తల్లీ. ఎముక వచ్చేసింది. ఒళ్ళయితే తగ్గించుకుంటావు, ఎముకనేం చేస్తావు?" అన్నాడు మేస్త్రీ. మెత్తగానే అన్నాడు. వాడు అరిచేవాడు కాదు, కొట్టేవాడు కాదు, జేబులో పిప్పరమెంట్లు వేసుకుని తిరిగేవాడు. వాడితో వచ్చిన చిక్కంతా అదే. అప్పుడు "గారు" అనేదాన్ని, ఇప్పుడు నా నోటికి "వాడు" అనే వస్తుంది.

వాడి చూపు అమ్మ వెనక నిలబడ్డ బుడంకాయ మీద పడింది.

"చిన్నదానికి ఎన్నేళ్ళక్కా?"

"ఆరు నిండాయండి. ఇంకో ఏడాది ఆగితే..."

"ఆగుదాం. నాకేం తొందర. ఏరుడు పని కూడా ఏడాది ఆగుతుంది మరి."

అంతలో బుడంకాయ అమ్మ చెయ్యి విడిపించుకుని వచ్చి కట్టు కింద నిలబడింది. కట్టు దాని ఒంటికి తగలకుండానే నేల మీద పడింది. అది కిలకిలా నవ్వి, "మళ్ళీ" అంది. నాలుగేళ్ళుగా నేను దిగుతుంటే పైన కూర్చుని చూసింది, తన వంతు ఎప్పుడొస్తుందా అని. దానికది ఆట.

ఇంటికొచ్చాక అమ్మ నా భుజానికి నూనె రాసింది. నేనే అన్నాను, "నేను పైన కూర్చుంటానమ్మా. దాని ఊ నేను వింటాను."

"ఒక్క ఊ తప్పినా లాగెయ్యి," అంది అమ్మ. "మేస్త్రీ తిట్టినా సరే, పని పోయినా సరే."

"లాగేస్తాను."

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

చూసి చెప్పాను.

ఆ ఊ సంగతేంటంటే, గుంటలో ఉన్నవాళ్ళు క్షేమంగా ఉన్నారని పైవాళ్ళకి తెలుస్తూ ఉండాలి. పక్క గుంటల్లో రాయితో గోడ మీద కొట్టేవాళ్ళు. ఒక గుంటలో ఈల వేసేవాళ్ళు. మా గుంటలో కథ చెప్పేవాళ్ళు. అది తాత పెట్టిన పద్ధతి. తాత మాకు చుట్టం కాదు, పదిహేనేళ్ళు ఆ గుంట ఒడ్డున తాడు పట్టుకుని కూర్చున్నాడు కాబట్టి అందరికీ తాతే. "రాయి మీద రాయి పడినా చప్పుడొస్తుంది, సందులో గాలి దూరినా ఈల వస్తుంది. ఊ అనేది మనిషొక్కడే," అనేవాడు. పైనుంచి కథ చెబుతుండాలి, కిందివాళ్ళు ఊ కొడుతుండాలి. ఊ రాకపోతే వాళ్ళ నడుముకి కట్టిన తాడు లాగెయ్యాలి.

ఆ ఏడు తాతకి చెవులు మందగించాయి. అందుకని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పాడు. "చెయ్యి తాడు మీద, చెవి గుంట మీద. నోటి సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు," అన్నాడు.

మా గుంటలో దిగేది ఇద్దరే. కుడివైపు సొరంగంలో మా బుడంకాయ, ఎడమవైపు సొరంగంలో తాత మనవడు. వాడికి ఏడాది పొడుగునా జలుబే, అందరం చీమిడిగాడు అనేవాళ్ళం. వాడి ఊ ముక్కులోంచి వచ్చేది, తుమ్ము మధ్యలో ఆగిపోయినట్టు. మా దాని ఊ వేరు. చివర్న పైకి లేచేది, తర్వాతేమైందో త్వరగా చెప్పమన్నట్టు. వారం తిరిగేసరికి ఆ ఊని బట్టే అది అలిసిపోయిందో, ఏడుస్తోందో, పని మానేసి రేకులతో ఆడుకుంటోందో నాకు తెలిసిపోయేది.

"అనగనగా ఒక నత్త," అని మొదలుపెట్టాను మొదటి రోజు.

"ఊ."

"దానికి వాళ్ళ పిన్నిగారింట్లో పెళ్ళికి పిలుపొచ్చింది. పొద్దున్నే లేచి, నున్నగా తల దువ్వుకుని..."

"నత్తకి జుట్టుండదు కదే," అంది బుడంకాయ కింద నుంచి.

"ఈ నత్తకుంది. కథ చెప్పేది నువ్వా నేనా?"

"నువ్వే. ఊ."

సాయంత్రానికి నత్తని పెళ్ళివారి గుమ్మం దాకా చేర్చాను. పైకి లాగగానే బుడంకాయ నా మీద కారాలూ మిరియాలూ నూరింది. "చేరిపోతే కథ అయిపోద్ది కదా. రేపు నేను లోపలేం చెయ్యను?" అని. మర్నాడు నత్తకి బహుమతి ఇంట్లో మర్చిపోయానని గుర్తొచ్చి వెనక్కి తిరిగింది. ఆ తర్వాత దారిలో నిద్రపోయింది, చీమలతో తగువు పెట్టుకుంది, పెళ్ళికొడుకుని చూసి పెళ్ళికూతురనుకుంది. రోజుకో అడ్డంకి పెట్టేదాన్ని. రెండు నెలలు నడిచినా అది పెళ్ళికి చేరలేదు.

పైకొచ్చేసరికి ఇద్దరూ నెత్తి నుంచి గోళ్ళ దాకా తళతళలాడుతూ ఉండేవాళ్ళు. సన్నటి అభ్రకం పొడి కనురెప్పల్లో, చెవి మడతల్లో దూరి, సబ్బు పెట్టి రుద్దినా వదిలేది కాదు. దీన్ని ఏం చేసుకుంటారని బుడంకాయ ఒకరోజు మేస్త్రీనే అడిగింది.

"మొహానికి రాసుకుంటారే. ఎక్కడెక్కడి ఆడవాళ్ళో. పెదాలకి, గోళ్ళకి, కళ్ళ మీద. మెరవాలని."

బుడంకాయ కాసేపు ఆలోచించింది. "మరి వాళ్ళే గుంటలోకి దిగితే ఊరికే మెరుస్తారు కదా?"

కుప్పల దగ్గర ఆడవాళ్ళంతా నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వి దానికో పిప్పరమెంటు ఇచ్చాడు. ఆ వారమే దానికి దగ్గు మొదలైంది. నాన్న దగ్గులాంటిది కాదు, చిన్నదే. అమ్మ మాత్రం ఆ దగ్గు వినపడినప్పుడల్లా చాకు ఆపి తలెత్తేది.

వానలకి ఇంకా నెల ఉందనగా ఒక సాయంత్రం ఉన్నట్టుండి పెద్ద వాన కురిసింది. వాన పడితే మూడు రోజులు గుంటల్లో పని ఉండకూడదు. అది మేస్త్రీ పెట్టిన నియమం కాదు, మా పెద్దవాళ్ళ నుంచి వచ్చింది. ఎంత ఇబ్బందిలో ఉన్నా ఎవరూ దాన్ని తప్పేవాళ్ళు కాదు. ఆ వానకి మేమూ మూడు రోజులు ఆటవిడుపు అనుకున్నాం.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ ఇంటింటికీ వచ్చాడు. సరుకు కొనే కంపెనీ తరఫున మనుషులు వస్తున్నారట, గుంటల్లో పిల్లలున్నారేమో చూడటానికి. ఉన్నారని తేలితే కొనడం మానేస్తారట. పదేళ్ళు దాటినవాళ్ళకి యూనిఫారాలు తెచ్చాడు. గోదాముకి రాత్రికి రాత్రి సున్నం వేయించి బల్లలు పెట్టించాడు. అది మా బడి. చిన్నవాళ్ళని మాత్రం బడిలో కూర్చోబెట్టడానికి వీల్లేదు. ఒంటి మీది మెరుపూ దగ్గూ చూస్తే ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది. ఇళ్ళల్లోకి కూడా తొంగిచూస్తారట. అందుకని చిన్నవాళ్ళని గుంటల్లో దాచమన్నాడు.

"నిన్ననే కదండీ వాన పడింది. మూడు రోజులు దింపకూడదు," అంది అమ్మ.

"పనికి దింపట్లేదు కదక్కా. సుత్తి లేదు, గునపం లేదు. ఊరికే కూర్చోవడం. ఒక్క గంట."

అమ్మ, మేస్త్రీ వెనకే వచ్చి నిలబడ్డ తాత వైపు చూసింది. తాత, "పని కాదంటున్నాడుగా. మూడు రోజుల మాట పనికే," అన్నాడు.

అమ్మకి అది సబబుగానే తోచింది. నాకూ తోచింది. నియమం పనికి, ఇది పని కాదు. ఇప్పుడు తల్చుకుంటే తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది. అది తడి మట్టి అనీ, లోపలున్నవాళ్ళు పని చేస్తున్నారో కూర్చున్నారో దానికి అక్కర్లేదనీ అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు.

"ఇద్దర్నీ ఒకచోట ఉంచితే కిచకిచలాడతారు. ఎవరి సొరంగంలో వాళ్ళుండాలి," అన్నాడు మేస్త్రీ. గుంట మీద పలకలు పరిచి, పలకల మీద గోతాలు కప్పాలి కాబట్టి తాళ్ళు కూడా వద్దన్నాడు. "నీ మాటైతే వింటుంది, నువ్వే చెప్పు దానికి," అని నన్ను ముందుకి తోశాడు.

నేను బుడంకాయ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. "ఇవాళ కథ లేదు. ఊ కొట్టకూడదు. ఏం చప్పుడైనా సరే, ఎవరు పిలిచినా సరే. నేనొచ్చి నత్త కథ మొదలుపెట్టేదాకా నోరు విప్పకూడదు."

"దగ్గొస్తే?"

"నోటికి చేతులు అడ్డం పెట్టుకో."

"ఊ."

"ఇదిగో, ఇప్పుడన్నావు చూడు, అది కూడా అనకూడదు."

అది నోరు గట్టిగా బిగించి తలూపింది. నేనే తాడుతో దాన్ని దింపాను. అడుక్కి చేరాక తాడు విప్పేసింది. కొస ఖాళీగా పైకొచ్చింది.

బడిలో నేను రెండో బల్ల మీద కూర్చున్నాను. యూనిఫారం మోకాళ్ళ పైకి వచ్చింది. మేస్త్రీ బామ్మర్ది పంతులుగా నిలబడి, వాడికొచ్చిన నాలుగు అక్షరాలే తుడిచి తుడిచి రాస్తున్నాడు. మధ్యాహ్నానికి రెండు కార్లు వచ్చాయి. నలుగురు దిగారు. అందులో కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ నా దగ్గర ఆగి వంగింది. ఆవిడ భాష మాకు రాదు, పక్కనున్నాయన మా మాటల్లోకి మార్చి చెప్పాడు. కళ్ళజోడు వెనక ఆవిడ కనురెప్పల మీద సన్నగా మెరుపు ఉంది. బుడంకాయ చెవుల్లో ఉండేదే. చూడగానే గుర్తుపట్టాను.

"నీకేం పాఠమంటే ఇష్టం?"

"కథలండి."

ఆవిడ నవ్వింది. మంచి నవ్వే. "ఇంట్లో చెల్లెళ్ళూ తమ్ముళ్ళూ ఉన్నారా?"

వెనకాల మేస్త్రీ జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

"లేరండి. నేనొక్కదాన్నే."

ఆవిడ కాగితం మీద రాసుకుని నా తల నిమిరింది. నేను ఒక్క ముక్క కూడా తడబడలేదు. లోపల కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఆ గర్వాన్ని తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

వాళ్ళు టీలు తాగారు, ఫొటోలు తీసుకున్నారు, కుప్పల చుట్టూ తిరిగారు. ఒక్క గంట అన్నది మూడు గంటలైంది. కార్లు మలుపు తిరిగాయో లేదో నేను యూనిఫారంతోనే పరిగెత్తాను. తాతా అమ్మా నా వెనకే వచ్చారు. గోతాలు లాగేశాం. పలకలు తీశాం. మూడు నిలువుల గుంట ఉండాల్సిన చోట నా మోకాలి లోతులో మట్టి కనిపించింది.

ఎప్పుడు కూలిందో ఎవరికీ తెలీదు. చప్పుడు చెయ్యొద్దని మేమే చెప్పాం కదా.

పారలతో మనుషులు వచ్చారు. తాత వాళ్ళని చేతులు అడ్డం పెట్టి ఆపాడు. "రెండువైపులా ఒకేసారి తవ్వితే మధ్యలో మట్టి నిలబడదు, ఇద్దరి మీదా పడుతుంది. ఒకవైపే. ముందు ఊ వినాలి." నా వైపు తిరిగి, "నాకు వినపడదమ్మా. నువ్వే చెప్పాలి," అన్నాడు.

నేను బోర్లా పడుకుని చెవి మట్టికి ఆనించాను. అమ్మ నా పక్కన అలాగే పడుకుంది.

"అనగనగా ఒక నత్త," అన్నాను.

ఏమీ లేదు.

"నేనొచ్చానే. ఇంక పలకొచ్చు. అనగనగా ఒక నత్త, పెళ్ళివారి వీధి మొదట్లోకి వచ్చింది."

దూరంగా, గోడ అవతల్నుంచి వచ్చినట్టు, ఒక ఊ వినపడింది. ముక్కులోంచి వచ్చిన ఊ. ఎడమవైపు నుంచి.

కుడివైపుకి జరిగి మళ్ళీ చెప్పాను. నత్తకి జుట్టుందని చెప్పాను, అది దువ్వెన పోగొట్టుకుందని చెప్పాను. నోట్లోకి మట్టి పోతున్నా చెప్పాను. అక్కడేమీ రాలేదు. ఎడమవైపు మాత్రం ఇంకోసారి వచ్చింది, ముందుకన్నా సన్నగా.

లేచి ఎడమవైపు వేలు చూపించాను. మగవాళ్ళు అటు కదిలారు. అమ్మ కదల్లేదు. అప్పటికే పార పట్టుకుని కుడివైపు నిలబడి ఉంది.

"మనదెక్కడే?" అంది. "మనది కూడా అటే ఉందా? అటు పాకిందా?"

కాదంటే అమ్మ అక్కడే తవ్వడం మొదలుపెడుతుంది. ఎవరు ఆపినా ఆగదు. రెండువైపులా తవ్వితే ఇద్దరి మీదా పడుతుందన్న తాత మాట నా చెవుల్లోనే ఉంది.

"ఊ," అన్నాను.

అమ్మ పార తీసుకుని ఎడమవైపు వచ్చింది. మగవాళ్ళు వంతులవారీగా తవ్వారు, అమ్మ ఎవరికీ వంతు ఇవ్వలేదు. గోళ్ళు లేచిపోయినా ఆగలేదు. పొద్దు వాలే వేళకి ఒక చిన్న చెయ్యి కనిపించింది. తాత దాన్ని పట్టుకుని చీమిడిగాణ్ణి బయటికి లాగాడు. వాడు కళ్ళు తెరిచి, కక్కి, దగ్గి, ఏడవడం మొదలుపెట్టాడు. అమ్మ వాణ్ణి దాటి బొక్కలోకి భుజం దాకా చెయ్యి పెట్టి వెతికింది.

"అదేదిరా? నీ పక్కనే ఉందా?"

"లేదు. అది అటే ఉంది," అన్నాడు వాడు వెక్కుతూ. "మాట్లాడొద్దన్నారుగా."

అమ్మ చెయ్యి బయటికి తీసింది. నా వైపు చూస్తుందేమోనని భయపడ్డాను. చూడలేదు. పార తీసుకుని కుడివైపుకి నడిచింది.

బుడంకాయ మర్నాడు పొద్దున దొరికింది. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, రెండు చేతులూ నోటి మీద పెట్టుకుని ఉంది. తాత నన్ను పక్కకి తీసుకెళ్ళి, "దుమ్ముకి అందరూ అలాగే పెట్టుకుంటారమ్మా. నువ్వు చెప్పావని కాదు," అన్నాడు. ఆయన మంచివాడు కాబట్టి అలా అన్నాడు. దాని మొహం కడుగుతుంటే అమ్మ చెవుల్లో మెరుపు తియ్యడానికి చాలాసేపు ప్రయత్నించింది. పూర్తిగా పోలేదు.

దాన్ని పూడ్చిపెట్టి వచ్చాక అమ్మ నన్ను వెంటబెట్టుకుని పోలీసు స్టేషన్‌కి వెళ్ళింది. నాలుగో రోజున ఒక ఆఫీసరు వచ్చాడు. మేస్త్రీ కుర్చీ వేయించి, చల్లటి నీళ్ళిచ్చి, ఒక కాగితం చేతికిచ్చాడు. కంపెనీవాళ్ళు రాసి వదిలి వెళ్ళిన నకలు అది.

"అది పాత గుంటండి, ఎవరూ దిగరు. పాపం, ఈవిడకి భర్త పోయినప్పట్నుంచి మనసు బాగోలేదు. వాళ్ళింట్లో పిల్ల ఒక్కతే. ఈ అమ్మాయే చెప్పింది, చూడండి, రాసి ఉంది," అన్నాడు మెత్తగా.

చీమిడిగాణ్ణి అప్పటికే ఎక్కడో చుట్టాలింటికి పంపించేశారు. పక్కిళ్ళవాళ్ళందరికీ కుప్పల దగ్గర పనులున్నాయి, గుంటల్లో పిల్లలున్నారు. ఒక్కరూ నోరు మెదపలేదు. తాత మాత్రం ముందుకొచ్చి ఏదో అనబోయాడు. "ముసలాయనకి చెవులు వినపడవండి," అన్నాడు మేస్త్రీ.

ఆఫీసరు నన్ను దగ్గరికి పిలిచాడు. "ఒక్కదాన్నే అని నువ్వే చెప్పావా?"

"చెప్పాను. కానీ..."

"చెప్పావా లేదా?"

"చెప్పాను."

రాసుకుని వెళ్ళిపోయాడు. వారం తిరగకుండా కంపెనీ లారీ వచ్చి సరుకు ఎత్తుకుపోయింది. మేస్త్రీ మా ఇంటి గుమ్మంలోకి వచ్చి, "ఏరుడు పని నీకెప్పటికీ ఉంటుందక్కా. ఇంక పిల్లని పంపక్కర్లేదు," అన్నాడు. చాలా పెద్ద మేలు చేస్తున్నట్టే అన్నాడు. అమ్మ తన చాకు తెచ్చి వాడి చేతిలో పెట్టి తలుపేసుకుంది.

నేను ఆఫీసరుకి చెప్పిన మాటే ఆఖరు. ఆ తర్వాత ఇరవై రోజులు నోరు విప్పలేదు. అమ్మ ఏదడిగినా తలూపేదాన్ని. ఊ అని కూడా అనలేదు.

మొదటి వానకి గుంటలు మూసేశారు. ఆ మధ్యాహ్నం అమ్మ గిన్నెలూ బట్టలూ మూట కడుతోంది. వాన తగ్గగానే అక్కణ్ణుంచి వెళ్ళిపోవాలని అనుకున్నాం, ఎక్కడికో అప్పటికి మాకూ తెలీదు. బుడంకాయ గౌను చేతిలోకి వచ్చింది. అమ్మ దాన్ని మడత పెట్టి మూట అడుగున పెట్టింది. అప్పుడు నాకు ఉండబట్టలేదు.

"ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను," అన్నాను.

"తెలుసు."

"మనదని చెప్పాను. కాదని నాకు తెలుసు."

"తెలుసే. నీ పక్కనే కదా చెవి పెట్టాను. ముక్కుతో కొట్టే ఊ ఎవరిదో నాకు తెలీదా?"

నాకు ఏడుపొచ్చింది. "మరి అటెందుకొచ్చావు?"

అమ్మ మూట కొసలు రెండూ చేతుల్లోకి తీసుకుని, ముడి వెయ్యకుండా అలాగే ఉండిపోయింది.

"పలికినవాణ్ణి వదిలేసి ఎట్లా పోతామే," అంది. "కానీ కాళ్ళు కదల్లేదు. ఎవరో ఒకరు ఊ అంటే తప్ప కదల్లేకపోయాను. అందుకే నిన్నడిగాను."

నేను వెళ్ళి అమ్మ పక్కన కూర్చున్నాను. వాన రేకుల కప్పు మీద గట్టిగా పడుతోంది. కాసేపటికి అమ్మ ముడి వేసి, ఇంకో మూటకి గుడ్డ పరిచింది.

"ఏమే వాగుడుకాయ్. ఆ నత్త ఎక్కడిదాకా వచ్చింది?"

"పెళ్ళివారి వీధి మొదట్లో ఉంది."

"చెప్పు మరి."

గొంతు సవరించుకున్నాను.

"వీధిలోకి తిరగబోయింది. వాన కదా, దారి కనపడలేదు. పక్క వీధిలోకి తిరిగింది."

"ఊ," అంది అమ్మ, గిన్నెలు సర్దుతూ.